గిటారు బోర్డు మీద నాయిన చెయ్యి

ఇంట్లో ఏ స్విచ్ అయినా ఉత్తపుణ్యానికి ఆన్‌లో కనిపిస్తే మా నాయినకు ఒళ్ళు మండుతుంది. రైల్వే సిగ్నళ్ళ మరమ్మతులో ఉద్యోగమంతా గడిపిన మనిషి. రిటైరై నాచారంలో ఇల్లు కట్టుకున్నాక ఆ డ్యూటీ అంతా మా మీద చేస్తున్నాడు. గదిలోంచి అడుగు బయటపెడితే చాలు, వెనకాలే వచ్చి ఫ్యాను ఆపుతాడు, లైటు ఆర్పుతాడు, ఫోన్ చార్జర్ పీకుతాడు. నేను ఒంటికి సబ్బు రాసుకుంటుండగా గీజర్ ఆపేసిన ఘనుడు. ఆపే ముందు ప్రతి ప్లగ్గునూ చేతి వెనకవైపుతో తాకి చూస్తాడు. షాకు కొడితే వేళ్ళు ముడుచుకుని తీగను పట్టేసుకోకుండా ఉండటానికి కరెంటు పనివాళ్ళు అలవాటు చేసుకునే పద్ధతి అది. వేడిగా తగిలితే ఇక ఆ రోజు మా చెవులకు విశ్రాంతి లేదు.

అలాంటి ఇంట్లో నేను గిటారు వాయించేవాడినయ్యాను. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించాను. ఉప్పల్ నుంచి చర్లపల్లి దాకా నేను ఎక్కని ఫంక్షన్ హాలు స్టేజీ లేదు. జనం బిర్యానీ తింటుంటే నేను వాళ్ళు కోరిన సినిమా పాటలు వాయించేవాడిని. ఆ పెళ్ళి వీడియోల్లో నా గిటారు డ్రమ్ముల కింద నలిగి ఎక్కడా వినపడదు. నాదంటూ ఒకే ఒక్క పాట ఉంది. మాటలు లేని పాట. ఎప్పుడో కట్టుకున్నాను, తీరిగ్గా రికార్డు చేద్దాంలే అనుకుంటూ వచ్చాను.

తీరిక దొరికేనాటికి ఎడమ చెయ్యి మొరాయించింది. దవాఖానాలో డాక్టరు నా మోచెయ్యి పట్టుకుని మణికట్టును మెల్లగా తిప్పి చూశాడు. పళ్ళచక్రంలా ఆగి ఆగి తిరిగింది. పార్కిన్సన్స్ అన్నాడు. నయమయ్యేది కాదు, గోళీలతో నెట్టుకురావాలన్నాడు. నాయిన పక్కనే నిలబడి డాక్టరు నా చెయ్యి ఎక్కడ పట్టుకున్నాడో, ఎలా తిప్పాడో చూస్తూ ఉన్నాడు.

గోళీ వేసుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి వదులవుతుంది. కాసేపు పాత చెయ్యి అవుతుంది, మళ్ళీ బిగుసుకుంటుంది. మొదట్లో ఎప్పుడు వదులవుతుందో తెలిసేది. రానురాను దానిష్టం అయిపోయింది. ఆ కాసేపట్లో నా పాట మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి వాయించి రికార్డు చేయాలి. బతుకులో నాకు మిగిలిన కోరిక అదొక్కటే.

సామాను సంగతి చెప్పాలి. గిటారు తీగ వచ్చి ప్రాసెసర్‌లో కలుస్తుంది. శబ్దానికి రంగులద్దే పెట్టె అది, రికార్డు చేసేది కూడా అదే. అక్కడి నుంచి శబ్దాన్ని పెంచే యాంప్‌కు. ఇవన్నీ టేబుల్ కింద ఒక స్విచ్ బోర్డుకు తగిలించి ఉంటాయి. నాయిన పొద్దున్నే ఆ బోర్డు ఆపేసి పేపరు చదువుకునేవాడు. చెయ్యి వదులైందని నేను కేక వేస్తే వచ్చి స్విచ్ వేసేవాడు. ప్రాసెసర్ మాత్రం పెళ్ళికొడుకులా తీరిగ్గా తయారయ్యేది. స్క్రీను వెలగాలి, పేరు రావాలి, చక్రం తిరగాలి. అప్పుడు నేను శ్రుతి చూసుకోవాలి. అంతలో చిటికెన వేలు బరువెక్కేది.

"రోజంత ఆన్‌లనే ఉండనియ్ నాయినా," అన్నాను.

"గింతసేపు ఆన్ పెడితే కాలిపోదా? మనిషి సుత రోజంత మేల్కొని ఉండడు. గదైతే మిషను."

"మాటిమాటికి ఆన్ ఆఫ్ చేసినా పాడైతది. అదైనా నేనైనా ఎప్పుడో ఒకప్పుడు పాడయ్యేదే గద."

"ఏం మాటలురా అవి," అని కసురుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఒకరోజు నాయిన రామంతాపూర్‌లో ఎవరినో చూడటానికి వెళ్ళాడు. నా భార్య ఆఫీసులో ఉంది. చెయ్యి వదులైంది. ఏ మబ్బూ లేని ఆకాశంలా వదులైంది. టేబుల్ కిందికి పాక్కుంటూ వెళ్ళి బోర్డు వెతికి స్విచ్ వేశాను. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. టేబుల్ కాలు పట్టుకుని పెనుగులాడుతుండగానే వేళ్ళు ఒక్కొక్కటే మూసుకున్నాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను. నాయిన తిరిగొచ్చి నన్ను ఆ టేబుల్ కిందే చూశాడు. చంకల్లో చేతులు వేసి లేపాడు.

మర్నాడు నేను లేచేసరికి బోర్డు ఆన్‌లో ఉంది. ఆ తర్వాత రోజూ ఉంది. అంత ఎండాకాలంలో మాకు దక్కని టేబుల్ ఫ్యాను యాంప్ ముందు పెట్టాడు. వచ్చీపోతూ యాంప్‌ను చేతి వెనకవైపుతో తాకేవాడు, అదే ఊపులో నా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకుని డాక్టరు తిప్పినట్టే తిప్పేవాడు. "జర నయమే, చూడు," అనేవాడు. లేదంటే చెయ్యి వదిలేసి వెళ్ళిపోయేవాడు. ఆయన చెయ్యి అబద్ధం చెప్పేది కాదు.

పాట ముక్కలుముక్కలుగా వస్తోంది. మొదటి చరణం ఒకనాడు, మధ్యలోది ఇంకోనాడు. ఒకసారి చివరి మలుపు దాకా వెళ్ళి తడబడ్డాను. అన్నీ ప్రాసెసర్‌లోనే దాచాను. స్నానాల గదిలో నాయిన ఆ పాట కూనిరాగం తీస్తుంటే విన్నాను. బయటికొచ్చాక అడిగితే, "నాకేం పని లేదా," అన్నాడు. నాకు లోలోపల మస్తు సంతోషమైంది.

ఆ వేసవి చివర్లో ఒక సాయంత్రం నాయిన మౌలాలిలో తనతో పనిచేసిన పాత ఉద్యోగి ఎవరో పోతే చూడటానికి వెళ్ళాడు. గాలి లేచింది. దుమ్ము, ఉరుములు. ఫోన్ మోగింది. దాన్ని చెవి దాకా తేవడానికే తల ప్రాణం తోకకొచ్చింది.

"గాలిదుమారం వస్తున్నది బిడ్డా. బోర్డు ఆఫ్ చెయ్. జల్ది."

చేద్దామనే లేచాను. నా ఒళ్ళు అప్పుడు పూర్తిగా బిగుసుకుని ఉంది. కాలు ముందుకు వెయ్యాలంటే నేలకు అతుక్కుపోయినట్టుంది. నాలుగు అడుగుల అవతల టేబుల్. దానికింద వెలుగుతున్న చిన్న ఎర్ర లైటు. అది కనిపిస్తూనే ఉంది, నేను కదలలేకపోతున్నాను. ఫోన్‌లో నాయిన, "చేసినవా? చేసినవా?" అంటున్నాడు. ఉన్నట్టుండి ట్యూబులైటు కళ్ళు చెదిరేలా వెలిగింది. ఫ్యాను ఊడిపడేలా తిరిగింది. బయట స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగి ఇళ్ళల్లోకి హై వోల్టేజీ వచ్చిందని తర్వాత తెలిసింది. టేబుల్ కింద టప్‌మని చప్పుడైంది. కాలిన ప్లాస్టిక్కు వాసన గదంతా నిండింది.

నాయిన తడుస్తూ వచ్చాడు. సందులో అందరి ఇళ్ళల్లోనూ టీవీలు, ఫ్రిజ్జులు పోయాయి. వంగి ప్రాసెసర్‌ను చేతి వెనకవైపుతో తాకాడు. 'నేను ముందే చెప్పిన గదా' అంటాడని ఎదురుచూశాను. అంటే బాగుండేది, నేను కూడా అరిచేవాడిని.

"చాయ్ తాగినవా?" అన్నాడు.

ప్రాసెసర్‌ను ఉప్పల్‌లో రిపేరుకిచ్చాం. లోపలి బోర్డు మార్చాలన్నారు, అది దొరకాలన్నారు. నాయిన రెండు బస్సులు మారి పోయి వాళ్ళను విసిగించి వచ్చేవాడు. వానలు ముదిరాక ప్రాసెసర్ తిరిగొచ్చింది. దాంట్లో నా ముక్కలు ఒక్కటీ లేవు. నాయిన తీగలన్నీ మునుపటిలాగే కలిపాడు. కొత్త స్టెబిలైజర్‌కు తగిలించి ఆన్ చేశాడు. గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

రోజుల తరబడి బోర్డు ఆన్‌లోనే ఉంది. ఆలోగా డాక్టరు రెండుసార్లు గోళీలు పెంచాడు. ఇప్పుడు చెయ్యి వదులైతే చెంచా పట్టుకోవచ్చు, గుండీ పెట్టుకోవచ్చు. గిటారు తీగను మాత్రం నొక్కలేను. నొక్కితే పక్క తీగ మీదికి జారిపోతుంది.

మొన్న మధ్యాహ్నం నాయిన ఎప్పటిలా వచ్చి యాంప్‌ను తాకాడు. "సల్లగనే ఉంది," అన్నాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని తిప్పాడు. ఆగి ఆగి తిరిగింది. మళ్ళీ తిప్పాడు. నమ్మనట్టు ఇంకోసారి తిప్పాడు.

"ఇయ్యాల ఏమన్న వస్తదా బిడ్డా?"

"రాదు నాయినా."

"రేపు?"

నేను గిటారు వైపు చూశాను. నా చేతిని మెల్లగా నా ఒళ్ళో పెట్టాడు. గిటారు తీసి గోడకు ఆనించాడు. టేబుల్ కిందికి వంగి బోర్డు ఆపాడు. యాంప్ హోరు ఆగిపోతే బయట ఆటోల చప్పుడు వినపడింది. ప్లగ్గు కూడా పీకి, తీగను చేతికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఉత్తగ ఎందుకు, కాలుతది," అన్నాడు, నా వైపు చూడకుండా.