అవ్వకు తెచ్చిన నీళ్లు

మొన్న ఆఫీసు పనిమీద విశాఖపట్నం వెళ్లి, హార్బరు గట్టున నిలబడ్డాను. డీజిలు, చేపల వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నాలుగో తరగతిలో ఇక్కడికే వచ్చిన స్కూలు టూరు గుర్తొచ్చింది.

మాది మర్రిగూడ దగ్గరి పల్లె. బోరు నీళ్లలోని ఫ్లోరైడు మా అవ్వ నడుమును కొడవలిలా వంచేసింది. నిలబడితే ఆమెకు నేల తప్ప ఏమీ కనిపించేది కాదు. నా ముఖం చూడాలంటే మంచంలో పక్కకు ఒరగాల్సిందే. "మన నీళ్లే గిట్ల జేసినయ్ బిడ్డా. మంచినీళ్లుంటే గిట్లయ్యేది గాదు" అనేది.

ఆ టూరులో సార్లు లైట్‌హౌసు, జలాంతర్గామి, మేడలంత ఓడలు చూపించారు. నేను మాత్రం నీళ్లనే చూశాను. అన్ని నీళ్లు! అవి మా బోరువి కావు. పడవ ఎక్కగానే వంగి సీసా నింపుకున్నాను. అవ్వ కోసమని ఒక్క చుక్క కూడా నోట్లో పోసుకోలేదు.

"గీ నీళ్లు తాగు అవ్వా, నీ నడుము సాపైతది" అన్నాను ఇంటికి రాగానే.

అవ్వ గుక్కెడు మింగి, కాసేపు కళ్లు మూసుకుంది.

"మంచిగున్నయ్ బిడ్డా."

తెల్లారి నేను బడికి పోతుంటే దర్వాజ పట్టుకుని, పళ్లు బిగించి, వణుకుతూ నా ముఖం కనిపించేదాకా తలెత్తింది. "సూడు, సాపైతాంది" అంది. నేను గంతులేస్తూ బడికి పోయాను.

మా ఇంటి నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చేనాటికి అవ్వ లేదు.

మొన్న ఆ గట్టు మెట్లు దిగి, దోసెట్లో కాసిన్ని నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాను. మింగలేకపోయాను.