నా జేబులోని చాకు

డెబ్భైల మొదటి సంవత్సరాల్లో ఖరగ్‌పూర్‌లో కత్తిపోటు వార్త వినకుండా వారం గడిచేది కాదు. రాజకీయాల పేరు చెప్పి కొందరు, బజారు మీద పెత్తనం కోసం కొందరు, పాత పగలతో కొందరు పొడుచుకునేవారు. గోల్‌బజార్‌లో దుకాణాల షట్టర్లు ధడధడమని పడుతున్నాయంటే జనం ఎటు పరుగెత్తాలో చూసుకునేవారే తప్ప, ఎందుకని అడిగేవారు కాదు. రిక్షాకు మైకు కట్టి పోలీసులు ఊరంతా చాటింపు వేసేవారు. నూట నలభై నాలుగో సెక్షన్ అమల్లో ఉంది, అయిదుగురు ఒకచోట చేరకూడదు, కర్రలూ కత్తులూ వెంట పెట్టుకోకూడదు. ఆ చాటింపు మాకు ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని ఐసు అమ్మేవాడి కేకలాగే వినీ విననట్టు వదిలేసేవాళ్లం.

నేను అప్పుడు రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెల లైట్లకు వైరింగు చేసేవాణ్ణి. నాన్న పోయారు. అమ్మా నేనూ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. తీగ మీది రబ్బరు తొడుగు ఒలవడానికి స్టోర్సు వాళ్లు ఇచ్చిన చాకు వెన్నను కూడా కోసేది కాదు. అందుకని సొంతానికి ఒకటి కొనుక్కోవాలని గోల్‌బజార్‌లో ఇనప సామాను దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు రెండు చాకులు చూపించాడు. ఒకటి గోటితో లాగి తెరిచే మడత చాకు. రెండోది బల్ల కింది నుంచి తీశాడు. పిడి మీద బొత్తాం నొక్కితే ఖటక్కుమని బ్లేడు బయటికి దూకింది. నా చెయ్యి దాని మీదికే పోయింది. అతను వెంటనే మూసేశాడు.

"ఏ పనికి?" అని హిందీలో అడిగాడు.

"వైరింగుకి."

"అయితే ఇది తీసుకో," అని మడత చాకు నా ముందుకు తోశాడు. "ఇది పనిముట్టు. అది జేబులో దొరికితే పోలీసుకి నువ్వేం చెప్పినా వినడు."

మడత చాకే తీసుకున్నాను. బ్లేడు నా చూపుడు వేలంత కూడా లేదు. వర్క్‌షాపులో పనిముట్ల పెట్టెలో వదిలేస్తే పొద్దుటికి మాయమయ్యేది కాబట్టి దాన్ని ప్యాంటు జేబులోనే ఉంచుకొనేవాణ్ణి.

ఒక సాయంత్రం పని దిగి, చేపలు కొందామని సైకిలు మీద గోల్‌బజార్ వెళ్లాను. ఎప్పుడూ కొనే బెంగాలీ చేపలాయన నన్ను చూసి "ఆసున్ దాదా" అని నవ్వి, ఒక రవ్వ చేపను తలకిందులుగా ఎత్తి చూపించాడు. ముందు రోజు బజారు రౌడీలు బంద్ అంటే ఆయన దుకాణం మూయలేదట. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది.

ముగ్గురు వచ్చారు. ఇద్దరు బుట్టలు తన్నారు. మూడోవాడు వెనక నుంచి వచ్చి చేపలాయనను పక్కటెముకల కింద ఒకసారి, తొడలో రెండుసార్లు పొడిచాడు. మూడు పోట్లూ పడ్డాకే ఆయన అరిచాడు. చేప ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పొడిచినవాడు తల ఎత్తేసరికి నేను ఎదురుగా ఉన్నాను. వాడు మా పక్క సందువాడు. మా ఇంటి నుంచి పిలిస్తే పలికేంత దూరంలో వాళ్లిల్లు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడాం. ఒక్క క్షణం నన్ను చూసి, కత్తిని మురికికాలవలోకి విసిరి, పరుగెత్తాడు. బజారంతా వాడితో పాటే పరుగెత్తింది.

చేపలాయన తొడ నుంచి రక్తం పొంగుతోంది. లుంగీ తడిసి కాళ్లకు చుట్టుకుపోయింది, గాయం ఎక్కడుందో కనబడలేదు. చాకు తీసి లుంగీని నిలువునా కోశాను. ఆయన భుజం మీది గమ్‌ఛా తువ్వాలుతోనే తొడ పైభాగాన బిగించి కట్టి, పక్కటెముకల కింద నా రెండు చేతులతో అదిమి పట్టాను. "జల్... ఎక్‌టు జల్" అంటున్నాడు. నీళ్లు ఇచ్చే మనిషి ఆ వరసలో ఒక్కడు లేడు.

జీపు వచ్చింది. పోలీసులు చూసింది ఇది: రక్తంలో పడి ఉన్న మనిషి, మోచేతుల దాకా రక్తంతో నేను, పక్కన తెరిచి ఉన్న చాకు. మొదటి లాఠీ దెబ్బ నా మణికట్టు మీద పడింది. ఎముక చిట్లిన చప్పుడు నాకే వినబడింది. "చెయ్యి తీస్తే చచ్చిపోతాడు," అని అరిచాను. రెండో దెబ్బ తల మీద పడింది. ఆయన్ను ఆసుపత్రికి ఎత్తారు, నన్ను జీపులో పడేశారు.

ఠాణాలో చిన్న దరోగా నా చాకును బల్ల మీద పెట్టి "క్యా హై యే?" అన్నాడు.

"పనిముట్టు సార్. వర్క్‌షాపులో తీగలు ఒలిచేది."

"గోల్‌బజార్‌లో ఏ తీగ ఒలవడానికి వెళ్లావు?"

నన్ను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి అరికాళ్ల మీద కొట్టారు. పొడిచానని ఒప్పుకోమన్నారు. కాదన్న ప్రతిసారీ కొట్టారు. చివరికి నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

లాకప్పులోకి ఈడ్చి పడేశాక చూస్తే, బజారులో పరుగెత్తినవాళ్లను దొరికినంతమందిని తెచ్చి అందులో కుక్కారు. వాళ్లలో పక్క సందువాడూ ఉన్నాడు. వాడి దగ్గర ఏమీ దొరకలేదు. వచ్చి నా పక్కన కూర్చొని, తన చొక్కా అంచుతో నా మొహం మీది రక్తం తుడిచాడు.

"నాది కాలవలో ఎలిపోయింది. దొరికింది నీదే," అన్నాడు మెల్లగా. "ఆలకి కావల్సింది ఒక సాకు, ఒక మనిసి. రెండూ నీకాడే ఉన్నాయి. నువ్వు నన్ను సూసినావేటి?"

"సూసినాను."

"సూడనేదు. మీయమ్మ తెల్లారగట్ట కుళాయికాడికి ఒక్కర్తే వస్తాది. మరి నువ్వు సూడనేదు."

ఇంతసేపూ మొహం తుడుస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున అమ్మ వచ్చింది. నా పాదాలు చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది గానీ ఏడవలేదు. పోలీసులు మా ఇల్లు సోదా చేశారట. ఏమీ దొరక్క, వంటింట్లోని కత్తిపీట పట్టుకుపోయారట. నా చాకు కన్నా దాని బ్లేడు నాలుగింతలు. అమ్మ నేరుగా దరోగా బల్ల దగ్గరకెళ్లి నిలబడింది.

"నా కత్తిపీట ఇచ్చీండి బాబూ. దానిమీద కూకొని ఆనపకాయ తరుక్కోవాల. దాన్నెత్తుకొని బజారుకెల్లి ఎవల్ని పొడిసేత్తాను?"

దరోగాకు తెలుగు రాదు. "మాయీ, జావ్," అన్నాడు.

"జావ్ ఏటి జావ్! నా కొడుకునీ ఇయ్యవు, పీటనీ ఇయ్యవు. నానేటి సేసేది?" అని అక్కడే నేల మీద కూర్చుంది. ఇద్దరు కానిస్టేబుళ్లు రెక్కలు పట్టుకొని బయటికి లాగారు. ఊచల వెనక నుంచి అది చూశాను. దెబ్బలు తింటున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

నన్ను కాపాడింది చేపలాయనే. ఆసుపత్రిలో తెలివి రాగానే, పొడిచినవాణ్ణి చూడలేదనీ, కట్టు కట్టింది మాత్రం రోజూ తన దగ్గర కొనే తెలుగు దాదా అనీ చెప్పాడు. దాంతో హత్యాయత్నం నా మీది నుంచి తీసేశారు. బెయిలు దొరికింది. చాకు కేసు మాత్రం మిగిలింది.

మా వకీలు వయసు మళ్లిన బెంగాలీ. నాకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. "కొనడం నేరం కాదు. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. ఆయుధాల చట్టం తొమ్మిదంగుళాలు దాటిన బ్లేడు గురించో, రెండంగుళాల వెడల్పు మించినదాని గురించో మాట్లాడుతుంది. ఇంటిపనికీ పొలంపనికీ కార్ఖానాకీ చేసినవాటిని అదీ వదిలేస్తుంది. నీ చాకు అందులోకి రాదు. కానీ నిషేధం ఉన్న రోజున జేబులో పెట్టుకొని బజారులోకి వచ్చావు. పట్టుకునేది అక్కడ."

"మరి నా ప్రాణం మీదికి వస్తే?"

"ఆత్మరక్షణ కోసం పెట్టుకున్నానని మాత్రం ఎప్పుడూ అనకు. ఆ మాట అన్నావంటే నీ పనిముట్టును నువ్వే ఆయుధం చేసినట్టు."

బయటికి వచ్చిన రోజే పక్క సందువాడి సంగతి అమ్మకు చెప్పాను, వాడి బెదిరింపుతో సహా. అమ్మ బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

"ఆడు నన్నేదో సేత్తాడని నువ్వు నోరు మూసుకుంతే, రేపు ఇంకో తల్లి కొడుకుని పొడుత్తాడు. కుళాయికి నాను పదిమందితో కలిసెల్తాను. నువ్వెల్లి సెప్పీ," అంది.

మేజిస్ట్రేటు ముందు వాడి పేరు చెప్పాను. అప్పటికే విడిచిపెట్టిన వాణ్ణి మళ్లీ పట్టుకెళ్లారు.

కొన్నాళ్లకు మలంచా రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాను. పట్టపగలు. పక్క సందువాడి మనుషులు ఇద్దరు అడ్డం వచ్చి హ్యాండిలు పట్టుకున్నారు. ఒకడి చేతిలో మంగలి కత్తి ఉంది. మెడ మీదికి విసిరితే, చిట్లిన మణికట్టుకు పిండి కట్టు వేసి ఉన్న చెయ్యి అడ్డం పెట్టాను. పిండి కట్టు అంచు నుంచి మోచెయ్యి దాకా చర్మం తెరుచుకుంది. సైకిలు ఎత్తి వాడి మీద వేశాను. ఆ తోపులో రెండోవాడు కిందపడితే వాడి మీద కూర్చొని, అదే పిండి కట్టుతో మొహం మీద కొట్టాను. ముక్కు పగిలింది, పళ్లు ఊడాయి, అయినా ఆపలేదు. రిక్షావాళ్లు నన్ను వెనక్కి లాగకపోతే వాణ్ణి చంపేసి ఉండేవాణ్ణి. ఆ పూట నా జేబులో చాకు ఉంటే ఏం జరిగేదో నాకు బాగా తెలుసు.

చాకు కేసు విచారణకు మా ఫోర్‌మన్ వచ్చాడు. ఆ పనికి చాకు కావాలని చెప్పాడు. గేటు దాటి తీసుకెళ్లమని ఎవరూ చెప్పలేదని కూడా చెప్పాడు. మేజిస్ట్రేటు చాకును తెరిచి, వేలితో కొలిచినట్టు చూసి, మూసేశాడు. ఆయుధాల చట్టం కింద ఏ తప్పూ లేదన్నాడు. నిషేధాజ్ఞ మీరినందుకు మాత్రం కోర్టు లేచేదాకా ఖైదు అన్నాడు. సాయంత్రం వరకూ వెనక బెంచీ మీద కానిస్టేబులు పక్కన కూర్చున్నాను. చాకు సర్కారుకే పోయింది. అమ్మ కత్తిపీట మాత్రం తుప్పు పట్టి, పీటకు లక్క ముద్రతో తిరిగి వచ్చింది. వర్క్‌షాపులో విచారణ జరిగింది గానీ ఉద్యోగం పోలేదు.

పక్క సందువాడి మీద కేసులో నేనూ చేపలాయనా సాక్ష్యం చెప్పాం. ఆయన కాలు ఈడ్చుకుంటూ బోనెక్కాడు. వాడికి కొన్నేళ్ల శిక్ష పడింది, మేదినీపూర్ జైలుకు పంపారు.

తీర్పు వచ్చిన రోజు వాడి తల్లి మా ఇంటి ముందుకు వచ్చింది. జుట్టు విప్పుకొని, దోసెళ్లతో దుమ్ము ఎత్తి మా గుమ్మంలోకి పోసింది. నేను బయటికి రాగానే చొక్కా పట్టుకొని రెండు చెంపలూ వాయించింది.

"నా కొడుకు పెట్టిన బువ్వ తిన్నావురా! ఒకే కంచంలో తిన్నారురా మీరిద్దరూ!"

అది నిజమే. నేను చేతులు కిందకే ఉంచి నిలబడ్డాను. ఆవిడ గోళ్లు నా మెడ మీద గీరుకుపోయాయి. అమ్మ వచ్చి ఆవిణ్ణి వెనక నుంచి గట్టిగా కావలించుకుంది. ఇద్దరూ మెట్ల మీద పడ్డారు. ఆవిడ కొడుతూనే ఉంది, అమ్మ వదలలేదు. "కొట్టమ్మా, నన్ను కొట్టు," అంటూనే ఉంది. చివరికి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఆ దుమ్ములోనే కూర్చుండిపోయారు. సందులోవాళ్లంతా తలుపుల దగ్గర నిలబడి చూశారు. ఎవరూ కదల్లేదు.

కొంతసేపటికి ఆవిడ లేచి, జుట్టు ముడి వేసుకొని వెళ్లిపోయింది. ఆ తరవాత మేము ఆ క్వార్టరు ఖాళీ చేసేదాకా ఆవిడ మా సందులో నడవలేదు. నిండు బిందె చంకన పెట్టుకొని, వెనక వీధి చుట్టూ తిరిగి వెళ్లేది.