అందరి మాటలూ వచ్చినవాడు

డెబ్బైల్లో మొదలుపెట్టి పదేళ్లపాటు వరంగల్లులో నాటకాలు వేయించాను. ఒక్కదానిలోనూ వేషం కట్టలేదు. హాలు మాట్లాడటం, మైకులవాణ్ణి బతిమాలడం, అలిగిన హీరోకి చాయ్ తాగించి దారికి తేవడం నిర్మాతగా నా పని. తెర లేచాక పక్క వింగులో నిలబడి, కాగితం చూడకుండా అందరికీ మాటలు అందించేవాణ్ణి. అందుకోసం ఇంట్లో వంటింటికీ వాకిటికీ మధ్య తిరుగుతూ నాటకమంతా బట్టీపట్టేవాణ్ణి. మా నటుల్లో మాత్రం ఎవరి మాటలు వాళ్లకు సరిగ్గా వచ్చేవి కావు. "అన్న ఉన్నడు గద, ఫికర్ ఏంది?" అనేవారు. ఆ బద్ధకాన్ని పెంచి పోషించింది నేనే.

మా ఆవిడ ఒక్క నాటకానికీ రాలేదు. మా పెద్దపిల్ల పుట్టినప్పుడు నేను రిహార్సల్లో ఉన్నాను. మర్నాడు దవాఖానకు పోయాను, అదీ చంకలో నాటకం కాగితాలతో. అప్పటినుంచీ నాటకం ఆమెకు సవతి. రమ్మంటే, "తెరెనక నిలవడేటోన్ని ఏం జూడాలె? నువ్వు రంగేసుకున్ననాడు చెప్పు, వస్త" అనేది. ఒక్కసారైనా ఆమె ముందు స్టేజీ ఎక్కాలని నాకు మహా కోరిక. కానీ నిర్మాతే వేషం వేసుకుంటే నటులు ఊరుకుంటారా?

చివరికి మిరపకాయలు నా కోరిక తీర్చాయి. మా హీరో ఎనుమాముల మార్కెట్లో గుమస్తా. ఆ ఏడు నాటక పోటీలూ మిర్చి సీజనూ ఒకేసారి వచ్చాయి. పోటీనాటి మధ్యాహ్నం మిర్చి ఘాటుకు అతను నోరు తెరిస్తే దగ్గు తప్ప మాట లేదు.

"అన్నా, నీకు అందరి మాటలు వచ్చు గదనే. నువ్వే ఎక్కు" అన్నారు మావాళ్లు. నేను మొహమాటపడ్డట్టు నటించాను. అదే నా మొదటి నటన. వెంటనే ఇంటికి కబురు పంపాను.

ఆమె వచ్చింది. ముందు వరుసలో, చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

ఇల్లు పట్టని మొగుడి వేషం నాది. మొదటి రంగంలోనే కొంప మునిగింది. నా భార్యగా వేసిన నటి నోరు తెరవకముందే ఆమె మాట నేను అందించాను. పదేళ్ల అలవాటు, నాలుక ఊరుకోదు. మామ వేషం వేసినవాడు నన్ను తిట్టాల్సిన తిట్లు కూడా నేనే తిట్టుకున్నాను. "అన్నా, జర నన్ను మాట్లాడనియ్యి" అని మామ గొణిగితే మైకు పట్టేసింది. హాలు గొల్లుమంది.

చివరి రంగంలో మిగిలింది నా మాట ఒక్కటే. మా ఆవిడ కళ్లలోకి చూశానో లేదో, అది కాస్తా ఎగిరిపోయింది. దిక్కుతోచక వింగు వైపు చూశాను. ఖాళీ. అక్కడ ఉండాల్సినవాణ్ణి నేనే కదా! చెమటకు ముఖం మీది రంగు కారిపోతోంది.

ముందు వరుసలో మా ఆవిడ లేచి నిలబడింది.

"'తప్పు నాదే. కష్టకాలంలో నీ పక్కన లేను. క్షమించు.' గదీ నీ మాట! పొద్దుమాపు ఇంట్ల నువ్వు సదువంగ ఇని నాకే వచ్చింది, నీకు రాదా?"

స్టేజీ మీది భార్యను అక్కడే వదిలేసి ముందుకొచ్చాను. మా ఆవిడకే చెప్పాను. జనం నటన అనుకుని చప్పట్లు కొట్టారు.

బహుమతి రాలేదు. కానీ ఆ తర్వాత నేను వేషాలే వేశాను, వింగులో ఆమె నిలబడింది. ఆ రోజు రిక్షాలో ఇంటికి పోతుంటే హన్మకొండ చౌరస్తా వచ్చింది. అక్కడ ఆమె మెల్లగా అడిగింది.

"గా మాట ఇంకోపారి చెప్పు. చప్పట్లల్ల సరిగ్గ ఇనవడలే."