మూత లేని గుల్ల

నా చిన్నప్పుడు, పలక పట్టడం రాకముందే నత్తను పట్టడం వచ్చు నాకు. కొల్లేటి లంకలో పుట్టిన పిల్లని మరి! గుల్ల మీద గోటితో తట్టాలి. లోపలున్నది మూత బిగించుకుంటే బతికున్నట్టు, లేకపోతే చచ్చినట్టు. ఇందులో నన్ను మించినవాళ్లు లేరని నా పొగరు.

కలిదిండి అవతల, ఉప్పుటేటి గట్టున మా తాతయ్య గుల్లలు కాల్చి సున్నం చేసేవారు. ప్రాణమున్నదాన్ని బట్టీలో వెయ్యకూడదని ఆయన పట్టింపు. బురదలోంచి ఎత్తిన గుల్లల్ని ముందు ఏరించి, బతికున్నవాటిని మళ్లీ ఏట్లో వదిలించేవారు. ఒక వేసవిలో ఆ ఏరే పని నేనే అడిగి మరీ తీసుకున్నాను.

ఒక పొద్దున కొత్తరకం గుల్లలు కనబడ్డాయి. నీటిబుడగలా ఉబ్బి, వేలితో నొక్కితే చిట్లేంత పల్చగా ఉన్నాయి. ప్రతిదానికీ బూడిదరంగు జిగట ముద్ద అంటుకుని ఉంది. నత్తో జలగో తేలలేదు నాకు. తట్టాను. మూతా లేదు, ముడుచుకోవడమూ లేదు. "ఇవన్నీ చచ్చినవే తాతయ్యా" అని తేల్చేశాను. నా మాట నమ్మి ఆయన వాటిని కూడా బట్టీలో పోయించి నిప్పు పెట్టారు.

ముచ్చటపడి ఒకదాన్ని మాత్రం ఏటినీళ్లు పోసిన ముంతలో దాచుకున్నాను. మధ్యాహ్నం చూద్దును కదా, ఆ ముద్ద విచ్చుకుని, గుల్లను సగం తన ఒంటితోనే కప్పేసి, తాపీగా పాకుతోంది! నత్తకున్న కొమ్ముల్లేవు, మూత లేదు, ప్రాణం మాత్రం ఉంది. బట్టీ అప్పటికే ఎర్రగా మండుతోంది. ఆపితే ఆగేది కాదు.

ఏడుస్తూ వెళ్లి చెప్పాను. వీపు చిట్లుతుందనుకున్నాను. తాతయ్య ముంతలోకి వంగి చూశారు.

"ఇదేమిటో నాకూ తెలీదమ్మా. ఇన్నేళ్లూ నేనూ తట్టే కదా తేల్చేశాను" అన్నారు.

ఇద్దరం వెళ్లి దాన్ని బురదలో వదిలాం. ఎన్ని కాలిపోయుంటాయి తాతయ్యా అని అడిగాను. మర్నాడు ఆయన బట్టీ పక్కన ఏటినీళ్లతో ఒక తొట్టి పెట్టించారు. తెలియనివన్నీ అందులో వేసి పొద్దుగూకేదాకా ఆగాలన్నారు.

దాని పేరేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. నత్తేనన్నవాళ్లున్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. పిలిస్తే పలకని మనిషిని చూసి విసుక్కోబోతే, ఆ ముంత గుర్తొచ్చి కాసేపు ఆగుతాను. ఇక తమలపాకుకి సున్నం రాసుకునేటప్పుడు, ఈ వయసులో కూడా, నా వేలు ఒక్క క్షణం వెనక్కి వస్తుంది.