గోదాములో రాబట్టిన మాట

పద్నాలుగేళ్లుగా నా కుడి చెయ్యి నాకు బరువు. ఆ చేత్తోనే వ్యాసాలు రాశాను, వేదికల మీద బల్ల గుద్దాను, మాంత్రికులకు సవాళ్లు విసిరాను. ఆ చేత్తోనే ఒక జబ్బుమనిషిని కొట్టి అబద్ధం చెప్పించాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానా? కావచ్చు.

వచ్చే ఆదివారం గుంటూరులో ఖాసింబీకి సన్మానం. మెదడులో గడ్డ వచ్చిన పేదవాళ్ల కోసం ఆమె ఊరూరా తిరుగుతుంది. కోతల కాలంలో మిరప కళ్లాలకు వెళ్లి ప్రతి రైతునూ ఒక్క దోసెడు కాయలు అడుగుతుంది. అవి అమ్మి స్కానింగులకూ ఆపరేషన్లకూ సాయం చేస్తుంది. మూర్ఛ వచ్చినవాణ్ణి ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండని గొంతు పోయేదాకా చెబుతుంది. ఆమెకు శాలువా కప్పాల్సింది నేనట. నేనే కప్పాలని ఆమే కోరిందట. "మా ఊళ్లో దయ్యాల భయం పోగొట్టింది ఆ సారే" అందట.

ఆమె అన్న మస్తాన్‌వలి మిరప బస్తాలు మోసే హమాలీ. పిడుగురాళ్ల దారిలో వాళ్ల ఊరు. ముప్పై ఏళ్ల వయసులో ఉన్నట్టుండి ముందు రబ్బరు కాలిన వాసన వస్తోందనేవాడు, తర్వాత దవడ బిగిసి, కళ్లు తేలేసి పడిపోయేవాడు. శ్మశానం దయ్యం పట్టిందన్నారు. ఒక మాంత్రికుడు ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసి ఆ పొగలోకి అతని తల వంచి పట్టుకున్నాడు. ఆ కబురు విని నేను బయల్దేరాను. నా రక్తం ఉడికిపోయింది. అది మస్తాన్ మీద జాలి అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు తెలుస్తోంది, నాకు కావలసింది మాంత్రికుడి ఓటమి.

దయ్యాలు లేవు, కాబట్టి ఇతను నటిస్తున్నాడు. ఇదీ నా తర్కం. మధ్యలో మూడో దారి ఒకటి ఉంటుందని, జబ్బనేది ఒకటుంటుందని, హేతువాదినైన నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదు? ఎదుటివాళ్లందరినీ ఆధారాలు అడిగే నేను నా దగ్గరున్న ఆధారం ఏమిటని ఒక్కసారైనా నన్ను నేను అడిగానా?

"అరగంట నాకొదిలెయ్యండి. ఇతని నోటితోనే నిజం చెప్పిస్తాను" అని ఊరి ముందు పందెం కట్టినట్టు చెప్పి, మస్తాన్‌ని మిరప గోదాములోకి తీసుకెళ్లి తలుపు గడియ వేశాను. మిట్టమధ్యాహ్నం. ఘాటుకు ఇద్దరికీ కళ్లు మండుతున్నాయి.

"ఎందుకురా ఈ నాటకం? పని ఎగ్గొట్టడానికా?"

"నాటకం కాదండి. తల లోపల పగిలిపోతందండి."

చెంప మీద కొట్టాను. మళ్లీ అడిగాను. మళ్లీ కాదన్నాడు. వేళ్లు వెనక్కి విరిచాను. కాదన్నాడు. బస్తాలు మోసే మనిషి, తల్చుకుంటే నన్ను ఒక్క తోపు తోసి పోగలడు. చదువుకున్నవాడి మీద చెయ్యెత్తకూడదని ఆగాడు. ఆ మర్యాదను కూడా నేను నేరం ఒప్పుకోవడం కింద లెక్కేశాను.

"వాసన వస్తంది సార్... ఆగండి సార్..." అన్నాడు.

నేను ఆగలేదు. అతను పడిపోయి గిలగిల కొట్టుకుంటుంటే కాలితో డొక్కలో తన్నాను. నోటి పక్క నుంచి నెత్తురు నురుగుతో కలిసి కారింది. నాలుక కొరుక్కున్నాడు. అది చూశాను. చూసి కూడా, బాగా చేస్తున్నాడే అనుకున్నాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తెలివి వచ్చాక గుప్పెడు మిరప తొడిమల దుమ్ము తీసి అతని కళ్ల దగ్గర పెట్టాను. అప్పుడన్నాడు: "సరే సార్. నటించాను. ఇంక కొట్టబాకండి."

తలుపు తీశాను. అతని చేత ఆ మొదటి రెండు మాటలూ అందరి ముందూ చెప్పించాను. పెదవి మీది నెత్తురు చూసి, నటనలో కొరుక్కున్నాడని నేనే చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. ఎవడో అరిచాడు: "ఏరా మస్తానూ, మరి హీరో వేషం ఎప్పుడేస్తావురా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తన కొడుకు తలని పొగలో పెట్టించిన తండ్రి నా చేతులు పట్టుకున్నాడు.

తర్వాత ఎనిమిది నెలలు మస్తాన్ పడిపోయినప్పుడల్లా ఇంట్లోవాళ్లు కొట్టారు. ఒప్పుకున్నాడు కదా, ఆస్పత్రి ఎందుకు? ఒక కన్ను కనపడటం మానేశాక తీసుకెళ్లారు. గడ్డ నిమ్మకాయంత ఉంది. ఆలస్యమైందన్నారు. ఆపరేషన్ తర్వాత మూడో రోజు పోయాడు.

ఆ మాంత్రికుడు కనీసం మస్తాన్ బాధ నిజమని నమ్మాడు. నేను అదీ నమ్మలేదు.

నలభయ్యో రోజు అయ్యాక ఖాసింబీ మా ఇంటికొచ్చింది. గుమ్మం దాటలేదు. "సార్, ఒక్కటే అడుగుతా. ఆ రోజు మా అన్న తనంతట తనే ఒప్పుకున్నాడా?"

"తనే ఒప్పుకున్నాడమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. "మరి నటించానని మాకెందుకు అబద్ధం చెప్పాడు?" అంటూ మెట్లు దిగింది. గోదాములో చేసినదానికి కోపం, అహంకారం అని ఏవో పేర్లు పెట్టుకోవచ్చు. గుమ్మంలో నేనన్న ఈ ఒక్క మాటకు ఏ పేరు పెట్టను? అప్పటికి నాకు అంతా తెలుసు.

ఇప్పటికీ ప్రతి సభలో ఆమె ఆ ప్రశ్నే అడుగుతుంది. తానూ అన్నను రెండుసార్లు కొట్టానని చెప్పి ఏడుస్తుంది.

శాలువా నేను కప్పను. మీకంటే ముందు, ఆదివారం లోపే, ఈ కాగితాలు ఆమెకు అందుతాయి. ఆమె నన్ను సభలో నిలబెట్టి ఉమ్మేసినా, ఈ దోసెళ్ల పని అంతా అబద్ధం మీద మొలిచిందని కుప్పకూలినా, నేను అడ్డుకోలేను. క్షమించమని అడగడం లేదు. అడిగితే అది కూడా ఆమె నుంచి ఇంకో మాట రాబట్టడమే అవుతుంది.

ఖాసింబీ, మీ అన్న తనంతట తను ఒప్పుకోలేదు. కాదు కాదంటూనే ఉన్నాడు. నేను కొట్టి చెప్పించాను.

రాశాను. చెయ్యి కొంచెం తేలికైంది. ఈ నిజం చెప్పించడానికి నన్నెవరూ కొట్టలేదు.