పోల్ దగ్గర దూకడం

మా అక్క ఖోఖో ఆడుతుంటే గని కూలీల లైన్ ఇళ్ళలోని ఆడవాళ్ళు కూడా పనులాపి చూడ్డానికి వచ్చేవాళ్ళు. బంగారు గని మూతపడ్డాక నాన్న రోజూ తెల్లారి రైల్లో బెంగళూరు పోయి కాపలా పని చేసేవాడు. అక్క కాలేజీ నుంచి రాగానే నన్నూ మా స్కూలు జట్టునూ బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ కింది మైదానానికి తీసుకెళ్ళేది. గాలి లేస్తే దిబ్బ మీది దుమ్ము నోట్లో పడేది. దగ్గుతూనే ఆడేవాళ్ళం.

తరిమేటప్పుడు నేను ఎదుటి అమ్మాయి పాదాలు చూసి మోసపోయేదాన్ని. అక్క నన్ను పక్కకు పిలిచి, "కాళ్ళు చూడొద్దు మే. కాలు ఒక పక్క వేసి ఇంగో పక్క పోతారు. నడుం చూడు. అది యాడికి తిరిగితే మనిషి ఆడికే పోతాది," అంది. అందదనిపిస్తే ఒక్కదాన్నే వెంటపడి ఊపిరి పోగొట్టుకోకుండా, దగ్గర్లో కూర్చున్న పిల్లకు ఖో ఇచ్చేయమనేది. తప్పించుకునేటప్పుడు మొదట్లోనే బలమంతా ఖర్చుపెట్టకుండా, వరసలో కూర్చున్నవాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ తరిమే అమ్మాయి అలసిపోయేలా చేయాలట. అన్నిటికన్నా చివర నేర్పింది పోల్ దగ్గర దూకడం. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఒళ్ళంతా గాల్లోకి చాచి, పారిపోయేవాళ్ళను అందుకోవాలి.

క్యాసంబళ్ళి పోటీలో అక్క అలాగే దూకింది. ఎదుటి అమ్మాయి అవుటైంది. కానీ వానకు తడిసిన స్తంభం మీద అక్క చెయ్యి జారి, తల ముందుగా నేలకు తగిలింది. మేము చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఆమె లేవలేదు. మెడ ఎముక విరిగిందనీ, ఇక కాళ్ళూ చేతులూ ఆడవనీ కోలారు ఆసుపత్రిలో చెప్పారు.

అమ్మ నన్ను మైదానానికి పోనివ్వలేదు. నా బూట్లు ఎవరికో ఇచ్చేసింది. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే అక్క నోరు తెరవలేదు. అమ్మ బతిమాలితే, "దాన్ని ఆడనీమ్మా. అప్పుడు తింటాను," అంది. అమ్మ గిన్నెలో అన్నం మళ్ళీ కలిపి, చివరికి తలూపింది.

అప్పటినుంచి సాయంత్రాలు అక్కకు ఆట సంగతులు చెప్పేదాన్ని. ఎవరు ఎందుకు అవుటయ్యారో అడిగి తప్పులు దిద్దేది. ఒకసారి పోల్ దగ్గర ఒకమ్మాయిని అందుకోలేకపోయానని చెప్పాను.

"దూకొద్దు మే. పోయేవాళ్ళని పోనీ," అంది.

తను నేర్పినదాన్ని తనే వద్దన్నది అదొక్కసారే.

వానాకాలంలో, కదలకుండా పడుకునే ఉండి ఆమె వీపున పుండ్లు పడ్డాయి. జ్వరం తగ్గలేదు. అక్క పోయింది.

ఆ తర్వాత సుగటూరులో ఆటకు పోతుంటే అమ్మ కూడా వచ్చి మా జట్టు వ్యాన్ ఎక్కింది. మైదానం దాకా రమ్మంటే రాలేదు. ఆట ముగిసేదాకా అద్దం మూసుకుని లోపలే కూర్చుంది. ఓడిపోయి వ్యాన్ దగ్గరికి తిరిగొచ్చాం. అమ్మ ఆ సంగతి అడగలేదు. నా మోచేతులు, మోకాళ్ళు, మెడ తడిమి చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది.