సరస్సు ఒడ్డున మామ ఒక్కపొద్దు

నేను ఇంగ్లండులో నేత యంత్రాల చదువు చదువుతున్నప్పుడు మా మేనమామ లండన్‌కు వచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది. చిత్తూరుకు దగ్గర పల్లెలో ఆయనకు ఒక మామిడితోపు ఉంది. ఆ తోపు గట్టు మీద దాయాదులతో వ్యాజ్యం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. అది చిత్తూరు దాటి, మద్రాసు దాటి, చివరికి సముద్రం కూడా దాటి సీమలోని ఆఖరు కోర్టుకు చేరింది. మీరు రానక్కరలేదని వకీలు ఎంత చెప్పినా మామ వినలేదు.

"నా గట్టు యాడుండాదో ఆ దొరలకు నేను జెప్పకపోతే ఎవురు జెప్తారు?" అని ఓడెక్కేశాడు.

ఆయన దిగిన కొన్నాళ్ళకే కేసు వాయిదా పడింది. మామ ఏమీ బాధపడలేదు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు మాటలు ఎస్, నో, అడ్జర్న్‌మెంట్. ఈ చివరి మాట లండన్ వకీలు నోట వినగానే ఆయన ముఖం వికసించింది. "ఈడ గూడా ఇదే ఆచారమా" అన్నాడు, పరాయి ఊళ్ళో సొంత ఊరివాడు కనిపించినట్టు.

అప్పటినుంచి నా గదిలోనే కాపురం పెట్టాడు. నేను అద్దెకున్న ఇంటావిడ వంటింట్లో ఎండుమిరపకాయలు తాలింపు వేసి ఆమెను రెండుసార్లు వీధిలోకి పరుగెత్తించాడు. ఇంకొక్కసారి జరిగితే నా సామాను కూడా వీధిలో ఉంటుందని ఆమె మర్యాదగా చెప్పింది. సరిగ్గా అప్పుడే నాతో చదువుతున్న నార్వే మిత్రుడు సెలవులకు ఇంటికి పోతూ, మీరిద్దరూ రాకూడదా అని పిలిచాడు. వాళ్ళది సరస్సు ఒడ్డున చిన్న పట్నమనీ, వాళ్ళమ్మ ఒక్కతే ఉంటుందనీ చెప్పాడు. మామకు సరస్సంటే ఏమిటో వివరించడానికి పెద్ద చెరువు అన్నాను.

"ఆయకట్టు ఎంత?" అని అడిగాడు మామ.

ఓడలో వాంతులతో సముద్రం దాటి, ఓస్లోలో రైలెక్కి, ఒక మధ్యాహ్నం ఆ ఊళ్ళో దిగాం. ఊరి పేరు రాయను. అక్కడి రేవు అధికారి మనవలెవరైనా తెలుగు నేర్చుకుని ఇది చదివితే బాగుండదు. చెక్క ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు, పొడుగ్గా ఒకటే పెద్ద వీధి, ఆ వీధి చివర ఎటు చూసినా నీళ్ళు. స్వర్ణముఖిలో ఇసుక తప్ప చూడని కళ్ళు మావి. మామ ఒడ్డున నిలబడి ఆ నీళ్ళను ఈ చివర నుంచి ఆ చివరిదాకా కళ్ళతోనే కొలిచాడు.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఈళ్ళు వరి నాటరా?" అన్నాడు చివరికి. మా మిత్రుడికి ఈ ప్రశ్న తర్జుమా చేసి చెబితే, అతను తమ జాతి తరఫున సిగ్గుపడ్డాడు.

వాళ్ళమ్మ తెల్లగా, పొడుగ్గా, గట్టిగా ఉండే మనిషి. మామ పంచె, తలపాగా, లండన్‌లో కొన్న పొడుగు కోటు, నుదుట నామం చూసి కూడా ఆమె కనురెప్ప కదల్చలేదు. చెయ్యి చాపింది. మామ దండం పెట్టాడు. ఆమె చెయ్యి అలాగే ఉంది, ఈయన దండమూ అలాగే ఉంది. చివరికి ఆమె రెండు చేతులతో మామ దండాన్నే పట్టుకుని ఊపింది.

మర్నాడు శనివారం. మామకు శనివారం ఒక్కపొద్దు. కేసు గెలిచేదాకా శనివారాలు పొద్దంతా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టనని వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాడు. పొద్దుగూకాక దీపం వెలిగించి, దండం పెట్టుకుని, ఆ తర్వాతే తినడం. తలస్నానం ఎలాగూ తప్పదు కాబట్టి తెల్లారగానే సరస్సులో దిగాడు. వేసవే అయినా ఆ నీళ్ళు మంచు కరిగిన నీళ్ళు. లోపలికి పోయేటప్పుడు గోవిందా అన్నాడు గానీ పైకి వచ్చేటప్పుడు గో మాత్రమే వినిపించింది.

వచ్చాక, తడిపంచెను పిండి, పడవల రేవులో రెండు స్తంభాలకు అడ్డంగా కట్టి ఆరేశాడు. తెల్లటి పంచె, ఎర్ర అంచు, మంచి గాలి. జెండాలా ఎగిరింది. అదే సమయానికి చక్రాలు తిప్పుకుంటూ పొగ ఓడ ఒకటి రేవులోకి వస్తోంది. పంచెను చూసి అది నడి నీళ్ళలో ఆగిపోయింది. రెండుసార్లు కూత పెట్టింది. పంచె నుంచి జవాబు రాకపోవడంతో మూడోసారి కూడా పెట్టింది.

రేవు అధికారి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎర్రటి ముఖం, బంగారు బొత్తాల కోటు, టోపీ. ఏదో గట్టిగా చెప్పాడు. మిత్రుడు తెల్లబోయి నాకు చెప్పాడు, నేను మామకు చెప్పాను.

"రేవులో గుడ్డలు ఆరేయగూడదంట మామా. తెల్లగుడ్డ కనపడితే ప్రమాదమని అర్థమంట."

"నా పంచె ఎవురికి ప్రమాదం? సూడు, ఈయప్ప కోటుకు అన్ని బొత్తాలుండాయి, ఒక పంచె ఆరేసుకోనిస్తే ఏం పాయ?" అన్నాడు మామ. అయినా పంచె విప్పాడు. విప్పి, మడిచి, చంకలో పెట్టుకుని, అధికారి వైపు ఒక చూపు చూసి వచ్చేశాడు. అధికారి ఆ చూపు మరిచిపోలేదని తర్వాత తెలిసింది.

ఇంటికి వస్తే మిత్రుడి తల్లి బల్ల నిండా ఉదయం ఫలహారం పెట్టింది. మామ నో అన్నాడు. మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు పెట్టింది. నో. యుద్ధం అయిపోయి మూడేళ్ళయినా అక్కడ చక్కెరకూ వెన్నకూ రేషనే. అలాంటిది సాయంత్రానికి ఆమె దాచుకున్న చక్కెరంతా పోసి అట్లు చేసింది. మామ వాసన చూసి, కళ్ళు మూసుకుని, నో అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కొడుకుతో గుసగుసలాడింది. తన వంట నచ్చలేదా, లేక ఉదయం రేవులో జరిగిన అవమానానికి అలిగాడా అని ఆమె సందేహం. పొద్దుగూకాక తింటాడని నేను చెప్పాను. ఆమె కిటికీలోంచి సూర్యుణ్ణి ఒకసారి, మామను ఒకసారి చూసి, జాలిగా తల ఊపింది.

అప్పటికి సాయంత్రం ఆరు. మన ఊళ్ళో నాలుగింటికి ఉన్నంత ఎండ ఉంది.

"ఇంగొక గంట, అంతే గదా" అని మామ పంచె తీసుకుని సరస్సు ఒడ్డుకు పోయి, పడమటికి తిరిగి ఒక బెంచీ మీద కూర్చున్నాడు. ఇంట్లో కూర్చుంటే అట్ల వాసన. పక్కన పంచె ఆరేసుకున్నాడు, బెంచీ మీద ఆరేయకూడదని ఎవరూ అనలేదు కనుక. ఏడయింది. సూర్యుడు కదల్లేదు. ఎనిమిదయింది. కాస్త పక్కకు జరిగాడు గానీ కిందికి దిగలేదు.

"ఏమల్లుడా, ఈ ఊళ్ళో పొద్దు అడ్డంగా పోతాది?" అన్నాడు మామ నీరసంగా.

శనివారం సాయంత్రం కావడంతో ఊరంతా ఒడ్డుకు షికారు వచ్చింది. కొత్త మనిషి, తలపాగా, నామం, పక్కన తెల్లగుడ్డ. మొదట ఇద్దరు ఆగారు. తర్వాత ఇరవై మంది. ఈయన ఎందుకు కూర్చున్నాడని మిత్రుణ్ణి అడిగారు. పొద్దున్నుంచి ఉపవాసం ఉన్నాడు, పొద్దుగూకేదాకా తినడు అని అతను చెప్పాడు. ఉపవాసం అన్నదాకానే విన్నారు. హిందూ దేశంవాళ్ళు అన్నం మానేసి కూర్చుంటే ప్రభుత్వాలే దిగివచ్చాయని వాళ్ళు పత్రికల్లో చదివి ఉన్నారు. ఉదయం రేవులో జరిగింది అప్పటికే ఊరంతా తెలుసు. ఒకామె అల్లిక సంచీ తెచ్చుకుని మామ పక్కన గడ్డి మీద కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. అది మద్దతు అని మిత్రుడు చెప్పాడు. పత్రికాయన ఒకడు కెమెరాతో వచ్చాడు. మామ తలపాగా సర్దుకున్నాడు.

"వీళ్ళందరూ ఏంటికి వచ్చినారు?"

"నిన్ను సూసేదానికి మామా."

"పాపం, నాతోబాటు వీళ్ళు గూడా పొద్దుకోసం కాసుకోనుండారా" అన్నాడు మామ, వాళ్ళందరూ కూడా పస్తులున్నారనుకుని.

తొమ్మిది కావస్తోంది. సూర్యుడు ఇంకా రెండు బారలు పైన ఉన్నాడు. ఇది ఇలాగే సాగితే రేపు ఆదివారం వస్తుంది గానీ పొద్దు మాత్రం గూకదని నాకు భయం పట్టుకుంది. మిత్రుడి గడియారం చూసి వేళ్ళ మీద లెక్క వేస్తే ఒక సంగతి తట్టింది.

"మామా, నువ్వు మొక్కుకునింది ఏ స్వామికి?"

"తెలీనట్ల అడుగుతావే. కొండమీద స్వామికి."

"ఆ స్వామి యాడుండాడు?"

"తిరుమలలో."

"తిరుమలలో ఇప్పుడు నడిజాము దాటిపోయింది. ఏకాంతసేవ అయిపోయి స్వామి పండుకోనుంటాడు. మొక్కు ఆయనది గదా, పొద్దు గూడా ఆయన ఊరిదే లెక్క."

మామ బెంచీ మీదే పూర్తిగా నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ళ కోర్టుల్లో ఇంత గట్టి వాదన ఆయన విన్నట్టు లేదు.

"అంటే, స్వామి నిద్రపోతాంటే నేనీడ కూచోని ఎవురికోసం కడుపు మాడ్సుకుంటాండా? ఇది ఆరింటికే జెప్పకూడదా అబ్బోడా?"

మిత్రుడి తల్లి ఇంటికి పోయి కొవ్వొత్తి తెచ్చింది. మామ వెలిగించాడు. తిరుపతి ఎటువైపు అని అడిగాడు. నాకు తెలియదు. మిత్రుణ్ణి అడిగితే అతను ఆలోచించి, ఎక్కడికి పోవాలన్నా ముందు రైల్వే స్టేషన్‌కే పోవాలి కదా అని అటు చూపించాడు. మామ అటు తిరిగి చేతులు జోడించాడు.

అదే క్షణంలో స్టేషన్ వైపు నుంచే రేవు అధికారి వచ్చాడు. వెంట ఊరి పెద్దలిద్దరు ఉన్నారు. ఆయన వచ్చింది రాజీకి. కళ్ళు మూసుకుని తనకే దండం పెడుతున్న మామను చూసి ఆయన గతుక్కుమన్నాడు. వెంటనే టోపీ తీసేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఊరి అతిథులు ఓడ రాకముందు, రేవు చివరి స్తంభానికి గుడ్డలు ఆరేసుకోవచ్చని ప్రకటించాడు. నేను మామకు చెప్పాను. మామకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన కళ్ళు మిత్రుడి తల్లి చేతిలోని పళ్ళెం మీద ఉన్నాయి.

పళ్ళెంలో గోధుమరంగు అచ్చు ఒకటి, నున్నగా, అంచులు తీరి.

"బెల్లం" అన్నాడు మామ. ఆ ఒక్క మాటలో ఆయన ఊరు, తోపు, మా అత్త, అన్నీ వినిపించాయి. చాకు ఇవ్వబోతున్నా ఆగకుండా పెద్ద ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. కెమెరా మెరిసింది. అల్లిక ఆమె కళ్ళు తుడుచుకుంది. మామ దవడలు ఒకసారి కదిలి ఆగిపోయాయి. అది మేకపాల నీరు ఇగిరేదాకా కాచి చేసే వాళ్ళ చీజ్. కాస్త తీపి, కాస్త ఉప్పు, మిగతాదంతా మేక. ఊరంతా చూస్తోంది, ఉమ్మడానికి లేదు. మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కన్నీళ్ళు చూసి చప్పట్లు మరింత పెరిగాయి. మింగాడు.

"అల్లుడా" అన్నాడు చిన్నగా, నవ్వు ముఖం చెదరనీకుండా, "వీళ్ళ బెల్లం సెడిపోయిండాది. పాపం, ఆయమ్మకు జెప్పొద్దు."

ఆ తర్వాత అట్లు తిన్నాడు. లెక్క పెట్టడం మర్యాద కాదని నేను పెట్టలేదు.

సోమవారం పత్రికలో బొమ్మతో సహా వచ్చింది. రేవు వాళ్ళు దిగివచ్చాక భారతీయ పెద్దమనిషి దీక్ష విరమించాడని మిత్రుడు చదివి వినిపించాడు. అప్పుడు గానీ మామకు తను గెలిచినట్టు తెలియలేదు.

"మన కేసు గూడా ఈ ఊరికే తెచ్చుండాల్సింది. ఒక్క పూటలో తీర్పిచ్చినారు సూడు" అన్నాడు.

తీర్పు వచ్చాక అమలు చేయకపోతే బాగుండదని, పొడిగా ఉన్న పంచెను పనిగట్టుకుని తడిపి, రేవు చివరి స్తంభానికి ఆరేశాడు. అధికారి పక్కనే నిలబడి అది ఆరేదాకా కాపలా కాశాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఎస్ అంటే ఎస్ అనుకుంటూ మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకున్నారు.

మామ ఊరికి తిరిగి వెళ్ళాక ఈ కథంతా ఊళ్ళో చెప్పాడు. ఓడ ఆగింది నమ్మారు, చప్పట్లు నమ్మారు. రాత్రి తొమ్మిదికి ఎండ కాసిందంటే మాత్రం ఎవరూ నమ్మలేదు. కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అన్నారు. మామ పోయి, గుళ్ళో తడిగుడ్డలతో నిలబడి ప్రమాణం చేసి వచ్చాడు. ఆ తర్వాత ఊరంతా నోరు మూసుకుంది, మా అత్త తప్ప. నేను చదువు ముగించి ఊరికి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదే.

"పొద్దు గూకకపోతే ఆడ కోళ్ళు ఎప్పుడు పండుకుంటాయి నాయినా?"

మామను అడిగితే, చూడలేదన్నాడట. నేనూ చూడలేదు. అయితే మిత్రుడి తల్లికి పెరట్లో కోళ్ళు ఉండేవి. నాకు గుర్తున్నంతవరకు మేం సరస్సు ఒడ్డునుంచి ఇంటికి వచ్చేసరికి అవి గూట్లో ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

"సూడు మరి" అంది అత్త, మామ విస్తట్లో ఇంకొంచెం సంగటి పెడుతూ. "కోళ్ళు గూడా ఎండ సూసుకోని కూచోలేదు. ఏళయిందని పోయి పండుకున్యాయి."

మామ తల ఎత్తకుండా సంగటి తిన్నాడు.